నదిని దాటింది 66 రోజుల్లో... వీధిని దాటింది ఆరేళ్లకు

పాత నగరం కింద మెట్రో : కోల్‌కతా అనుభవం

హుగ్లీ నది గర్భం కింద సొరంగం తొలవడానికి ఇంజినీర్లకు 66 రోజులు పట్టింది. అదే మార్గంలో, ఆ నదికి సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో బౌబజార్ అనే పాత పేట ఉంది. అక్కడ భూగర్భంలో చెడిన పనిని సరిచేసి రైలు నడపడానికి దాదాపు ఆరేళ్లు పట్టింది. 2019 ఆగస్టు 31న అక్కడ సొరంగంలోకి నీరు చొరబడింది. 2025 ఆగస్టు 22న ఎస్‌ప్లనేడ్, సియాల్దా స్టేషన్ల మధ్య రైలు ప్రారంభమైంది. ఈ రెండు తేదీల నడుమ వందల మంది ఇళ్లు విడిచారు, తరాల నాటి భవనాలు నేలమట్టమయ్యాయి, నిర్మాణ వ్యయం అంచనాలను దాటిపోయింది.

చారిత్రక నగరాల్లో భూగర్భ రైలు అనగానే సాధారణంగా రోమ్, ఏథెన్స్ గుర్తుకు వస్తాయి. అక్కడ చిక్కు నేలలో పాతుకుపోయిన గతంతో. ఎక్కడ తవ్వినా పురావస్తువులు బయటపడతాయి, పని ఆగుతుంది. ఏథెన్స్‌లోని సింటగ్మా స్టేషన్‌లోను, రోమ్ సి లైనుపై 2018లో తెరిచిన శాన్ జొవాన్ని స్టేషన్‌లోను తవ్వకాల్లో దొరికిన వస్తువులను ప్రయాణికుల కళ్లెదుటే ప్రదర్శనకు ఉంచారు. కోల్‌కతా సంగతి వేరు. ఆ నగరానికి వయసు మూడు శతాబ్దాల పైచిలుకే. నేల కింద దొరికేవాటితో అక్కడ పెద్ద ఇబ్బంది రాలేదు. ఇబ్బంది నేలపై నిలిచి ఉన్న ఇళ్లతో, ఆ నేలలో దాగిన నీటితో వచ్చింది.

వందేళ్ల నాటి ఆలోచన

హౌరాను, కోల్‌కతాను నది కింద నుంచి కలపాలన్న ఆలోచన కొత్తది కాదు. లండన్ భూగర్భ రైలు మార్గాల్లో పనిచేసిన ఇంజినీరు సర్ హార్లే డాల్రింపుల్ హే 1921లోనే తూర్పు పడమరల గొట్టపు రైలు మార్గానికి పథకం రచించారు. నిధులు లేక అది కాగితాలకే పరిమితమైంది. అయితే ఆయన ఆధ్వర్యంలోనే హుగ్లీ కింద విద్యుత్ తీగల కోసం ఒక సొరంగం నిర్మితమై 1931 నాటికి పూర్తయింది. అంటే కోల్‌కతా వాసులకు నది కింది సొరంగం తొమ్మిది దశాబ్దాల నాటి పరిచయమే. రైలు మాత్రమే ఆలస్యమైంది.

స్వాతంత్ర్యానంతరం ముందుగా ఉత్తర దక్షిణ మార్గానికి మోక్షం లభించింది. 1972 డిసెంబరు 29న నాటి ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. దేశంలో తొలి మెట్రో రైలు 1984 అక్టోబరు 24న ఎస్‌ప్లనేడ్ నుంచి భవానీపూర్ వరకు 3.4 కిలోమీటర్లు నడిచింది. టాలీగంజ్ నుంచి డమ్‌డమ్ వరకు మార్గం పూర్తి కావడానికి 1995 వరకు ఆగవలసి వచ్చింది. ఆ రోజుల్లో అనుసరించిన పద్ధతి సులభమైనదే కానీ జనానికి నరకప్రాయం. రోడ్డును పైనుంచి లోతుగా తవ్వి, కాంక్రీటు పెట్టె కట్టి, తిరిగి మట్టి కప్పడం. నగరంలోని ప్రధాన రహదారులు ఏళ్ల తరబడి గోతులమయంగా ఉండిపోయాయి. శ్యాంబజార్, బేల్‌గాఛియాల నడుమ కాలువ, రైల్వే యార్డు అడ్డు వచ్చినచోట మాత్రమే పైనుంచి తవ్వకుండా సొరంగం తొలిచారు.

తూర్పు పడమర మార్గానికి ఆ పాత పద్ధతి పనికిరాదు. హౌరా మైదాన్ నుంచి సాల్ట్ లేక్ సెక్టార్ 5 వరకు మొత్తం 16.6 కిలోమీటర్లు. ఇందులో 10.8 కిలోమీటర్లు భూగర్భంలోనే. నది, పాలనా భవనాల సముదాయం, ఇరుకు వీధుల పేటలు, రైల్వే స్టేషన్లు అన్నీ దారిలోనే ఉన్నాయి. యంత్రంతో లోతున సొరంగం తొలవడం మినహా మార్గాంతరం లేకపోయింది. 2008లో ఆమోదం, 2009లో శంకుస్థాపన జరిగాయి. ఆరంభంలో సుమారు 4,874 కోట్ల రూపాయలుగా ఉన్న అంచనాను 2020 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం 8,575 కోట్లకు సవరించింది.

వ్యయం, కాలం రెండూ పెరగడానికి మార్గం మార్పు ఒక ముఖ్య కారణం. మొదటి ప్రణాళికలో ఈ మార్గం సెంట్రల్ స్టేషన్ వద్ద పాత మెట్రోను కలవవలసి ఉంది. భూసేకరణ, చిరువ్యాపారుల తరలింపు చిక్కుల వల్ల దారిని దక్షిణానికి వంచి ఎస్‌ప్లనేడ్ మీదుగా మళ్లించారు. దూరం సుమారు రెండు కిలోమీటర్లు పెరిగింది. నగరం నడిబొడ్డున మార్గం మార్చడమంటే మ్యాపుపై గీత చెరిపి మరో గీత గీయడం కాదు. కొత్త గీత కింద మళ్లీ మట్టి పరీక్షలు, పైన మళ్లీ ఇళ్ల సర్వే, చేతిలో మళ్లీ అనుమతుల దస్త్రాలు.

వంద మీటర్ల నిబంధన

మహాకరణ్ స్టేషన్ పరిసరాల్లో కథ కొంత భిన్నం. మహాకరణ్ అంటే బ్రిటిష్ కాలపు రైటర్స్ బిల్డింగ్. దాని చుట్టూ ఉన్నది ఈస్టిండియా కంపెనీ నాటి పాలనా కేంద్రం. సొరంగ మార్గానికి సమీపంలో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు మూడు ఉన్నాయి. ఒకటి 1833 నాటి కరెన్సీ బిల్డింగ్. మిగిలిన రెండు యూదుల ప్రార్థనా మందిరాలైన బెత్ ఎల్ (1856), మాగెన్ డేవిడ్ (1884). పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు నిర్మాణం నిషిద్ధం. ఆపై రెండు వందల మీటర్ల వరకు అనుమతితోనే పని.

భూమికి అనేక మీటర్ల లోతున సాగే సొరంగానికీ ఈ వంద మీటర్ల నిబంధన అడ్డు వచ్చింది. అనుమతుల కోసం పని నిరీక్షించింది. కట్టడాల గోడలకు కొలత పరికరాలు అమర్చి, ప్రకంపనలను, పగుళ్లను, నేల కుంగుదలను అనుక్షణం గమనిస్తూ యంత్రాలను నడిపించారు. బ్రేబోర్న్ రోడ్డు పక్కనున్న శిథిల భవనాల నివాసులను యంత్రం కిందుగా వెళ్లే రోజుల్లో ముందుజాగ్రత్తగా వేరేచోటికి తరలించారు. ఆ మూడు కట్టడాలు క్షేమంగా ఉన్నాయి. చట్టం వల్ల జాప్యం జరిగిందన్న విమర్శలో నిజం లేకపోలేదు. కానీ చట్టం కన్నెత్తి చూసిన చోట అంతటి జాగ్రత్త, చట్టంలో పేరు లేని సాధారణ ఇళ్ల వద్ద మరో తీరు అన్నది తర్వాతి పరిణామాలు చూసినవారికి తట్టక మానదు.

నది కింద సాఫీగా

అందరూ భయపడింది నది గురించే. హుగ్లీ వెడల్పు అక్కడ 520 మీటర్లు. నదీ గర్భానికి 13 మీటర్ల దిగువన జంట సొరంగాలు. జర్మనీలో తయారైన రెండు యంత్రాలకు రచన, ప్రేరణ అని పేర్లు పెట్టారు. 2017 వేసవిలో అవి నదిని దాటాయి. సొరంగం లోపలి వ్యాసం 5.55 మీటర్లు. కాంక్రీటు పలకల అతుకుల మధ్య నీరు తగిలితే ఉబ్బి సందును మూసివేసే ప్రత్యేక పట్టీలు అమర్చారు. 2023 ఏప్రిల్ 12న తొలిసారి నది కింద రైలును నడిపి చూశారు. 2024 మార్చి 6న హౌరా మైదాన్, ఎస్‌ప్లనేడ్ల మధ్య 4.8 కిలోమీటర్ల మార్గాన్ని ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. దేశంలో నది కింద నడిచిన తొలి మెట్రో ఇదే. నదిని దాటడానికి రైలుకు ముప్పావు నిమిషం చాలు.

నది దాటడం సులభమని దీని అర్థం కాదు. అక్కడ ఎదురయ్యే ప్రమాదం ఏమిటో అందరికీ ముందే తెలుసు. నీరుందని తెలిసి సిద్ధపడి వెళ్లారు. పైగా నదీ గర్భం ఒక అంగుళం కుంగినా పడిపోవడానికి దానిపై ఇల్లు లేదు. పాత పేటలో ఆ వెసులుబాటు ఉండదు.

యంత్రం పనితీరు

సొరంగం తొలిచే యంత్రం, అంటే టీబీఎం, ఒక భారీ ఉక్కు గొట్టం. ముందున్న చక్రం తిరుగుతూ మట్టిని కోస్తుంది. కోసిన మట్టిని వెంటనే వెనక్కి తోడకుండా చక్రం వెనుక గదిలో ఒత్తిడితో నిలుపుతారు. ఎదుట ఉన్న మట్టి, నీరు ఎంత బలంతో లోపలికి తోస్తాయో ఈ మట్టి అంతే బలంతో ఎదురొడ్డాలి. ఒత్తిడి తగ్గితే పై నేల కుంగుతుంది, మితిమీరితే ఉబ్బుతుంది. యంత్రం ముందుకు జరిగేకొద్దీ వెనుక కాంక్రీటు పలకలతో వలయాలు అమరుస్తారు. వలయానికీ మట్టికీ మధ్య మిగిలే సందును సిమెంటు మిశ్రమంతో వెంటనే పూడ్చాలి. ఎంత నేర్పుగా చేసినా పైన కొద్ది మిల్లీమీటర్లు కుంగడం సహజం. పటిష్టమైన కాంక్రీటు చట్రమున్న భవనం దానిని భరిస్తుంది.

బౌబజార్ ఇళ్లు అటువంటివి కావు. ఇటుక, సున్నంతో కట్టిన గోడలు. దూలాలపై పరిచిన కప్పులు. లోతులేని పునాదులు. పక్కింటితో ఉమ్మడి గోడలు. ఒక గోడ పక్కకు ఒరిగితే వరుసలో ఉన్న మూడు నాలుగు ఇళ్లు దానితో కదులుతాయి. ఏళ్ల తరబడి మరమ్మతులు లేక చాలా గోడలు అప్పటికే బలహీనపడ్డాయి. కింద గంగా డెల్టా మట్టి. మెత్తని బంకమట్టి, దాని నడుమ ఇసుక పొరలు, కొద్ది మీటర్ల లోతులోనే నీరు.

ఆ రాత్రి ఏం జరిగింది?

ఎస్‌ప్లనేడ్ నుంచి సియాల్దా వైపు చండీ, ఊర్వి అనే రెండు యంత్రాలు బయలుదేరాయి. 2019 ఆగస్టు 31 సాయంత్రం చండీ యంత్రం బౌబజార్ కింద నీటితో నిండిన ఇసుక పొరను తాకింది. నీటితోపాటు ఇసుక, ఒండ్రు సొరంగంలోకి ప్రవహించాయి. ప్రమాదమంతా ఆ ఇసుకలోనే ఉంది. నీరు ఒక్కటే వస్తే తోడి పోయవచ్చు. ఇసుక కూడా వచ్చిందంటే పైన ఎక్కడో అంత మేర నేల ఖాళీ అవుతున్నట్లే.

దుర్గా పితురి లేన్, స్యాక్రాపారా లేన్, గౌర్ దే లేన్ ఇళ్ల గోడలు పగిలాయి. నివాసులను కట్టుబట్టలతో బయటికి పంపి హోటళ్లకు తరలించారు. తర్వాతి రోజుల్లో ఇళ్లు ఒక్కొక్కటిగా కూలాయి. ముందే ఖాళీ చేయించినందున శిథిలాల కింద ఎవరూ చిక్కుకోలేదు. సొరంగంలో అడ్డుగోడ కట్టి, లోపల నీరు నింపి, బయటి ఒత్తిడికి సమానం చేసి ప్రవాహాన్ని నిలువరించారు. నీటిని ఆపడానికి నీటినే వాడవలసి వచ్చింది. కూలినవి, కూల్చవలసి వచ్చినవి కలిపి ఇరవైకి పైగా భవనాలు పోయాయి. ఇల్లు కోల్పోయిన కుటుంబానికి ఐదు లక్షల రూపాయల తక్షణ పరిహారం ప్రకటించారు.

స్యాక్రా అంటే బెంగాలీలో బంగారు పనివాడు. పేరుకు తగ్గట్టే అది నగల తయారీ పేట. కింది అంతస్తులో దుకాణమో కార్ఖానానో, పైన నివాసం. ఇల్లు పోయిందంటే పని కూడా పోయినట్లే. నెల తర్వాత వచ్చిన దుర్గా పూజలను ఆ కుటుంబాలు హోటళ్లలోను, అద్దె ఇళ్లలోను గడిపాయి. పరిహారం చెప్పినంత సులువు కాదు. పాత పేటల్లో ఒక ఇంటికి అన్నదమ్ముల వారసులు అనేకులు, తరతరాలుగా నామమాత్రపు కిరాయితో ఉంటున్నవారు మరికొందరు, మెట్ల కింద బల్ల వేసుకుని పని చేసుకునేవారు ఇంకొందరు. నేల ఎవరిదో దస్తావేజు చెబుతుంది. అక్కడ బతికినవారెవరో దస్తావేజు చెప్పదు.

కోలుకునే లోపే మళ్లీ

కలకత్తా హైకోర్టు సొరంగం పనులను నిలిపివేసింది. నిపుణుల పరిశీలన అనంతరం 2020 ఫిబ్రవరిలో ఊర్వి యంత్రానికి అనుమతి లభించింది. అది ఆ ఏడాది అక్టోబరులో సియాల్దా చేరింది. చండీ భూమిలోనే చిక్కుకుపోవడంతో రెండో సొరంగంలో మిగిలిన సుమారు 800 మీటర్లను తొలిచే భారం కూడా ఊర్విపైనే పడింది. సియాల్దా నుంచి వెనక్కి తిరిగి తొలుచుకుంటూ 2021 మేలో బౌబజార్ చేరింది. చండీని ముక్కలుగా విడదీసి బయటికి తీయడానికి దుర్గా పితురి లేన్ వద్ద పెద్ద గొయ్యి తవ్వారు.

అప్పటికి గండం గడిచిందనుకున్నారు. 2022 మే 11న ఆ గొయ్యి, సొరంగం కలిసేచోట నీరు ఊరింది. దుర్గా పితురి లేన్‌లో మిగిలిన ఇళ్లకు పగుళ్లు పడ్డాయి. అదే ఏడాది అక్టోబరు 14 వేకువన రెండు సొరంగాలను కలిపే అడ్డదారి పనుల్లో మరోసారి లీకు. ఈసారి మదన్ దత్తా లేన్ వాసులు వీధిన పడ్డారు. 2024 సెప్టెంబరులో మళ్లీ నీరు. మొదటి దెబ్బకు వదులైన మట్టి ఎన్నిసార్లు సిమెంటు మిశ్రమం నింపినా తొలినాటి గట్టితనానికి రాలేదు. అందుకే తొలిచే పని కంటే అతికే పనికి ఎక్కువ కాలం పట్టింది.

హైదరాబాద్‌లో వేరే దారి

ఇదే చర్చ హైదరాబాద్‌లోనూ నడిచింది. సుల్తాన్‌బజార్ వ్యాపారులు, అసెంబ్లీ పరిసరాల కట్టడాలు, పాతబస్తీ గురించి ఆందోళన వ్యక్తమైనప్పుడు భూగర్భ మార్గం కావాలన్న డిమాండ్లు వచ్చాయి. 2014లో రాష్ట్ర ప్రభుత్వం మార్గం మార్పు కోరింది. అయినా 2017 నవంబరులో ప్రారంభమై 2020 ఫిబ్రవరిలో ముగిసిన తొలి దశ 69 కిలోమీటర్లూ స్తంభాలపైనే సాగింది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి పాతబస్తీలోకి వెళ్లవలసిన భాగం మాత్రం అప్పట్లో ఆగిపోయింది. ఆ మార్గానికి 2024 మార్చి 8న ఫలక్‌నుమా వద్ద ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. అదీ ఆకాశ మార్గమే. దారుల్‌షిఫా, శాలిబండల మీదుగా వెళ్లే ఈ మార్గం కోసం రోడ్డు విస్తరణకు 2025లో కూల్చివేతలు ఆరంభమయ్యాయి.

రెండు నగరాల నేల పోలిక లేనిది. హైదరాబాద్ కింద నల్లరాయి, కోల్‌కతా కింద ఒండ్రు. రాతిలో తొలవడం ఖర్చుతో కూడిన పని, కానీ అది బౌబజార్ మట్టిలా కారిపోదు. ఆకాశ మార్గంలో ఎవరి ఇల్లు పోతుందో ముందే గీత గీసి చెప్పవచ్చు, నోటీసు ఇవ్వవచ్చు, బేరం ఆడవచ్చు. బౌబజార్ వాసులకు ఆ అవకాశం లేదు. వారి ఇళ్లు కూల్చవలసిన జాబితాలో లేవు.

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా చేరే తెలుగు ప్రయాణికులకు ఒకప్పుడు సియాల్దా వెళ్లడమంటే ట్యాక్సీ క్యూ, హౌరా వంతెనపై ట్రాఫిక్, గంట సమయం. ఇప్పుడు భూమికి 30 మీటర్లకు పైగా లోతులో ఉన్న హౌరా మెట్రో స్టేషన్‌కు దిగితే పది పన్నెండు నిమిషాల ప్రయాణం. దేశంలోని అత్యంత రద్దీ రైల్వే స్టేషన్లు రెండింటిని ఇలా కలపడం చిన్న విషయం కాదు. నగరానికి ఈ మార్గం ఎంత అవసరమో బౌబజార్ వాసులు కూడా కాదనలేదు. వారు అడిగింది తమ ఇళ్లు తిరిగి కట్టి ఇమ్మని. మెట్రో సంస్థ అందుకు హామీ ఇచ్చింది. 2025 ఆగస్టులో రైలు ప్రారంభమైన నాటికి ఆ ఇళ్లు లేవలేదు.

ఎస్‌ప్లనేడ్, సియాల్దాల నడుమ రెండున్నర కిలోమీటర్ల దూరంలో వేరే స్టేషన్ లేదు. బౌబజార్ కింద రైలు ఆగదు.